బోర్బొరిగ్మస్ గ్రీకు మాట

నేను పనిచేసిన నాందేడ్ ఆసుపత్రిలో మెడిసిన్ వార్డు గోడ మీద ఒక తప్పు ఉంది. అది అక్కడ ఉందని నేను చెప్తూనే ఉన్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు చెప్పాను. వీడ్కోలు సభలో శాలువా కప్పుతుంటే చెప్పాను. రిటైరయ్యాక బీపీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా చెప్తున్నాను. ఇంతవరకూ ఒక్కరూ దాన్ని దిద్దలేదు. మొదట్లో అవి పెయింటుతో రాసిన అక్షరాలు. గోడకు రంగు వేసిన ప్రతిసారీ పెయింటర్ ఆ తప్పును ఒక్క గీత పోకుండా, నా మీద కక్ష ఉన్నట్టు మళ్ళీ రాశాడు. ఈ మధ్య వార్డుకు టైల్స్ వేశారు. పీడ పోయిందనుకున్నాను. వారం తిరక్కుండా అదే తప్పుతో పెద్ద ఫ్లెక్సు వచ్చింది. ఈసారి పక్కన ఇనప టోపీ పెట్టుకున్న రోమన్ సైనికుడి బొమ్మ కూడా ఉంది.

ఆ ఫ్లెక్సు మీద ఇలా ఉంటుంది: "బోర్బొరిగ్మస్. లాటిన్ మాట. కడుపులో పేగులు చేసే చప్పుడు."

చప్పుడు సంగతి నిజమే. లాటిన్ అన్నది తప్పు. అది గ్రీకు మాట. పైగా ఆ మాటను ఆ వార్డులోకి తెచ్చింది నేను. ఈ రెండో సంగతిని వదిలేయమని మా ఆవిడ అంటుంది. సరే, ప్రయత్నిస్తాను. మొదటిది మాత్రం వదలను. ఎందుకు వదలనో ఇప్పుడు డాక్టరీలో చేరుతున్న పిల్లలకు తెలియాలి. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటి మీద నాకున్న ఫిర్యాదులకు ఈ చోటు చాలదు.

లైబ్రరీలో నవ్వు

మాది దెగ్లూర్. నాన్నకు కిరాణా దుకాణం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, దుకాణంలో గిరాకీ ఏ భాషలో అడిగితే ఆ భాష. ఇంగ్లీషు మాత్రం మా దాకా సరిగ్గా రాలేదు. మెడికల్ కాలేజీలో నేను ఒక జబ్బు పేరు పలికితే చాలు, పుణే నుంచి వచ్చిన తోటివాళ్ళు పుస్తకం అడ్డం పెట్టుకొని నవ్వేవారు. వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. ఇక్కడ రాయను.

ఆ పొడుగు పేర్ల భయం పోగొట్టుకోవడానికి నాకు దొరికిన దారి లైబ్రరీలోని పెద్ద నిఘంటువు. ప్రతి పేరునూ విప్పి లోపల ఏముందో చూసేవాణ్ణి. ఎపిస్టాక్సిస్ అని హడలగొట్టినది విప్పితే చుక్కచుక్కగా కారడం. ముక్కులోంచి రక్తం అలాగే కదా వస్తుంది. అపోప్లెక్సీ అన్నది విప్పితే కొట్టి పడేయడం. పక్షవాతం వచ్చిన మనిషిని చూస్తే ఎవరైనా అదే అంటారు. పేరు ఎంత దర్జాగా ఉన్నా లోపల మా దెగ్లూర్ సంతలో వినిపించే మాటే ఉండేది.

ఒక మధ్యాహ్నం బోర్బొరిగ్మస్ దగ్గరికి వచ్చాను. గ్రీకులో అది బోర్బొరుగ్మోస్. దాని వెనక ఒక క్రియ ఉంది, గుడగుడమనడం అని అర్థం. దాని వెనక ఏముందా అని చూశాను. ఏమీ లేదు. దేవుడి పేరు లేదు, మహా వైద్యుడి పేరు లేదు. కడుపు చేసిన చప్పుడును ఎవరో నోటితో అన్నారు, అది మాటైంది. బోర్, బోర్. మనం గుడగుడ అన్నాం, వాళ్ళు బోర్బోర్ అన్నారు. అంతే.

నాకు నవ్వాగలేదు. లైబ్రేరియన్ నన్ను బయటికి పంపాడు. ఆయన మీద కూడా నాకొక మాట ఉంది. ఇప్పుడు కాదు.

భోకర్ గురూజీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను భోకర్‌లో వేశారు. అక్కడ ఒక బడిలో లెక్కలు చెప్పే గురూజీ మావాడే, తెలుగువాడే. ఒకరోజు వచ్చి, తలుపు వేసిన తర్వాత గానీ నోరు విప్పలేదు.

"డాక్టర్ సాబ్, నా కడుపు నా ఇజ్జత్ తీస్తున్నది."

"ఏమైంది గురూజీ?"

"బోర్డు మీద లెక్క రాయనీకి పిల్లల దిక్కు ఈపు పెడ్తనా, గప్పుడే మొదలైతది. గుడగుడ, గుడగుడ. ఎనక బెంచీల ఒకడున్నడు, దొంగ నాయాలు. 'సార్, మబ్బు ఉరుముతున్నది, కిట్కీలు మూయాల్నా?' అని అడుగుతడు. క్లాసు క్లాసంత నవ్వుడే. నేను బదిలీ పెట్టుకుందమనుకుంటున్న."

కడుపు నొక్కి చూశాను. మెత్తగా ఉంది. నొప్పి లేదు, బరువు తగ్గలేదు.

"పొద్దుగాల ఏం తిని పోతరు?"

"చాయ్."

"ఇంక?"

"ఇంకో చాయ్."

"జొన్న రొట్టె ఒకటి తిని పోండ్రి. గది ఆకలి గురూజీ, రోగం గాదు."

ఆయన ముఖంలో తృప్తి కనిపించలేదు. సిగ్గు విడిచి డాక్టరు దగ్గరికి వచ్చి ఆకలి అనిపించుకొని పోవడం ఎవరికి ఇష్టం? "దీనికి పేరేమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"బోర్బొరిగ్మస్. గ్రీకు పేరు."

"గ్రీకా!" కుర్చీలో సర్దుకొని కూర్చున్నాడు. "గట్లయితె పెద్దదే."

"పేరే పెద్దది. లోపల ఉన్నది గుడగుడనే."

మళ్ళీ కనిపించినప్పుడు ఆయన వెలిగిపోతున్నాడు. ఆ పేరు బోర్డు మీద రాసి, అర్థం చెప్పి, ఇది గ్రీకులకూ వచ్చేదని క్లాసుకు పాఠం చెప్పాడట. "ఇప్పుడు ఎవ్వడు నవ్వుతలేడు సాబ్. నవ్వాల్నంటె ముందు దాని పేరు చెప్పాల్నని రూల్ పెట్టిన. పలకనీకి ఒక్కనికి అస్తలేదు."

ఆయనకు మందు రాయలేదు. పేరు చెప్పాను, దాని అర్థమూ చెప్పాను. పేరు ఒక్కటే చెప్పి పంపితే రోగి భయపడతాడు. అర్థం ఒక్కటే చెప్తే, డాక్టరుకు ఏమీ రాదనుకుంటాడు. రెండూ చెప్పండి.

నాఫడే సార్

తర్వాత నాందేడ్ వచ్చాను. నా పై అధికారి నాఫడే సార్. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. పండగ పూట కూడా వార్డుకు వచ్చేవారు, రోగి బంధువుల మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆ మంచి ఒప్పుకుంటాను. కానీ రోగులను చూస్తూ వార్డులో ఆయన వేసే రౌండ్ మా మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సు లాంటిది. ఆగాల్సిన చోట పూర్తిగా ఆగేది కాదు. మంచం దగ్గర నడక కాస్త తగ్గించి, పెన్నుతో చూపించి, జబ్బు పేరు చెప్పి, ముందుకు సాగేవారు. కడుపునొప్పితో వచ్చే ఆడవాళ్ళకు ఆయన దగ్గర ఒకటే పేరు: గ్యాస్.

ఆ రోజుల్లో కుండల్‌వాడి అవతలి పల్లె నుంచి సాయవ్వ వచ్చింది. రైతు కుటుంబం. వెంట ఆడబిడ్డ. మనిషి ఎండిపోయి ఉంది, నోరు మాత్రం బలంగా ఉంది.

"తింటె నొస్తది సారూ. తినకుంటె ఒళ్ళు పోతున్నది. ఏది జెయ్యాలె?"

ఎలా నొస్తుందో అడిగాను. కడుపులో ఒక గుండు లేచి అటూ ఇటూ తిరుగుతుందని చెప్పింది. మా ప్రాంతంలో ఈ మాట అనగానే ఇంట్లో పెద్దవాళ్ళు బొడ్డు జరిగిందంటారు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద చిన్న దీపం పెట్టి, దాని మీద చెంబు బోర్లిస్తారు. దీపం ఆరిపోయి చెంబు చర్మాన్ని పట్టుకుంటుంది. బొడ్డు మళ్ళీ చోటికి వచ్చిందని నమ్మకం. సాయవ్వ కడుపు మీద ఆ చెంబు అంచు గుండ్రంగా అచ్చు పడి ఉంది.

"మా ఊర్ల బొడ్డు జరిగిందన్నరు," అంది. "మీ పెద్ద సారు గ్యాస్ అంటున్నడు. బొడ్డుకు చెంబు పెట్టిండ్రు. గ్యాస్‌కు ఏం పెడ్తరు?"

నేను స్టెతస్కోపు పెట్టి కూర్చున్నాను. చాలాసేపు మామూలుగా ఉంది. అప్పుడు నొప్పి మొదలైంది. ఆమె పిడికిలి బిగుసుకుంటున్న కొద్దీ చప్పుడు పెరిగింది. సన్న గొట్టంలోంచి నీళ్ళు తోసుకొని పోవాలని పెనుగులాడుతున్నట్టు ఉంది. చర్మం కింద పేగు అలలాగా కదలడం కంటికే కనిపించింది. ఆఖరికి బుడుక్కుమని ఏదో జారింది. చప్పుడూ నొప్పీ కలిసే పోయాయి.

"పోయింది సారూ," అని ఆమె ఊపిరి వదిలింది. "జీపెక్కి ఊరు పోయినట్టు పోయింది. మల్ల తింటె మల్ల అస్తది."

ఇది గురూజీ కడుపులోని ఆకలి కాదు. పేగు ఎక్కడో ఇరుకైపోయింది. మందు గోళీలిచ్చి ఇంటికి పంపితే, ఆ ఇరుకు ఏదో ఒక రోజు పూర్తిగా మూసుకుంటుంది. ఆమె పల్లె నుంచి నాందేడ్ దాకా వచ్చేలోపే అంతా అయిపోవచ్చు.

మర్నాడు రౌండ్‌లో చెప్పాను. మేం మాట్లాడుకునేది మరాఠీలో. "సార్, ఈమెకు నొప్పితో పాటే బోర్బొరిగ్మస్ పెరుగుతోంది, నొప్పితో పాటే ఆగుతోంది. ఎక్కడో అడ్డం ఉంది."

ఆయన ఆగారు. నా మాటకు కాదు, ఆ పేరుకు.

"ఏ భాష అది?"

"గ్రీకు, సార్."

"పేషెంటుది ఏ ఊరు?"

"కుండల్‌వాడి దగ్గర, సార్."

"ఏథెన్స్ అనుకున్నాను," అన్నారు. రౌండ్ మొత్తం నవ్వింది. నర్సులు కూడా నవ్వారు. "గ్యాస్. రేపు ఇంటికి పంపండి, బోర్బోర్ సాహెబ్."

ఆ పేరు నాకు అతుక్కుపోయింది. క్యాంటీన్‌లో కూడా "బోర్బోర్ సాబ్‌కు ఒక కట్ చాయ్" అని కేక వేసేవారు. ఇప్పటికీ స్టేషన్ రోడ్డులో పాత వార్డ్‌బాయ్‌లు ఎదురైతే అలాగే పిలుస్తారు.

సాయవ్వకు మరాఠీ వచ్చు గానీ, అంత వేగంగా మాట్లాడితే అందలేదు. "గాయన ఏమన్నడు? అందరు నవ్విండ్రు," అని అడిగింది.

"నన్ను జూసి నవ్విండ్రమ్మా."

"నన్ను ఇంటికి పొమ్మన్నడా?"

"రేపు పొమ్మన్నడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. పక్కకు తిరిగి ఆడబిడ్డతో ఏదో చెప్పింది.

సాయవ్వ రొట్టెలు

మరుసటి పొద్దున రౌండ్ వచ్చే ముందు, ఆడబిడ్డ మూటలోంచి తీసిన రొట్టెలు సాయవ్వ తినేసింది. మిరపకాయ తొక్కు నంజుకొని మరీ తిన్నదట. నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆపేవాణ్ణి. అలాంటి కడుపుతో అది ప్రమాదం. పిల్లలూ, ఎప్పుడూ ఏ రోగి చేతా ఆ పని చేయించకండి.

నాఫడే సార్ వచ్చేసరికి ఆమె నుదుటి మీద చెమట పోసింది. ఆయన పెన్ను తీసి చూపించబోయారు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. ఇస్త్రీ మడత పోయింది.

"సారూ, నువ్వు పెద్ద సారువు. చెయ్యి గుంజుకోకు. ఒక్కపారి ఇను. ఇన్నంక పొమ్మంటె పోత."

"ఈమె ఎక్కువ మాట్లాడుతోంది," అని ఎవరో వెనక నుంచి అన్నారు.

నాఫడే సార్ వేలెత్తి అందర్నీ ఊరుకోమన్నారు. మంచం అంచున కూర్చున్నారు. రౌండ్‌లో ఆయన కూర్చోవడం మేమెవరం చూడలేదు. స్టెతస్కోపు బిళ్ళను అరచేతిలో పెట్టుకొని వెచ్చబరిచి, ఆమె కడుపు మీద పెట్టి, కళ్ళు మూసుకున్నారు. చప్పుడు పెరుగుతూ వచ్చింది. మంచం పక్కన ఉన్న మాకు స్టెతస్కోపు లేకుండానే వినిపించింది. సాయవ్వ పళ్ళు బిగబట్టింది. ఆయన చెయ్యి కదల్చలేదు. అది పైకి వెళ్ళి, పెనుగులాడి, జారి, ఆగేదాకా విన్నారు.

"ఇన్నవా?" అని సాయవ్వ అడిగింది.

"ఇన్న," అన్నారు నాఫడే సార్.

ఆయన నోట మేం విన్న తెలుగు అదొక్కటే.

ఆ రోజే ఎక్స్‌రే తీశారు, సర్జన్‌ను పిలిచారు. టీబీ వల్ల చిన్నపేగు ఒకచోట ఉంగరం తొడిగినట్టు బిగుసుకుపోయింది. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. తర్వాత నెలల తరబడి టీబీ మందులు. అవి పూర్తి చేసుకొని ఆమె వార్డుకు వచ్చినప్పుడు మొదట నేను గుర్తుపట్టలేదు. బుగ్గలు వచ్చాయి. చేతిలో పచ్చి జొన్న కంకుల మూట. చలికాలం, మావైపు పొలాల్లో కంకులు కాల్చి తినే రోజులు. నా ముందు నుంచే నడిచి వెళ్ళి ఆ మూట నాఫడే సార్‌కు ఇచ్చింది.

నేను ఊరుకోలేదు. బయటికి వచ్చాక అడిగేశాను. "మొదలు ఇన్నది నేను గద, సాయవ్వా?"

"నువ్వు రోజు ఇంటవు సారూ," అంది. "నీకు అలవాటే. గాయన ఇన్నదే గొప్ప."

ఈ జవాబు గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అందులో న్యాయం ఉందని మా ఆవిడ అంటుంది.

లాటిన్ ఎలా వచ్చింది

తర్వాత నాఫడే సార్ మారిపోయారు. కడుపునొప్పి అనగానే కూర్చునేవారు, స్టెతస్కోపును వెచ్చబరిచేవారు, వార్డును నిశ్శబ్దం చేసేవారు. అది గొప్ప సంగతి. ఆ పేరును క్లాసులో చెప్పడం కూడా మొదలుపెట్టారు. "బోర్బొరిగ్మస్, లాటిన్ మాట, రాసుకోండి." చివరి బెంచీలో నేనున్నాను. నా వైపు కూడా చూడలేదు. గోడ మీద రాయించింది కూడా ఆయనే.

క్లాసయ్యాక పట్టుకున్నాను. "సార్, అది గ్రీకు."

"చివర 'అస్' ఉంది కదా. లాటినే."

ఆ తోక లాటిన్‌దే, నేను కాదనను. గ్రీకు మాటలు చాలావరకు ఇంగ్లీషులోకి లాటిన్ చొక్కా తొడుక్కొనే వచ్చాయి. చొక్కా చూసి ఊరు చెప్పేస్తామా? ఆ లెక్కన నేను పుణేవాణ్ణి అవుతాను, నా చొక్కాలన్నీ అక్కడే కుట్టించుకుంటాను.

ఇంత చిన్నదానికి ఇంత రగడ ఎందుకని నన్ను చాలామంది అడిగారు. ఎందుకో చెప్తాను. లాటిన్ అనగానే విద్యార్థి అది ఏదో పెద్ద డాక్టరు గదిలో కూర్చొని పెట్టిన పేరనుకుంటాడు. బట్టీ పట్టి పరీక్షలో రాసి మరిచిపోతాడు. అసలు సంగతి తెలిస్తే అలా చేయడు. ఆ పేరు మంచం మీద ఉన్నవాళ్ళు పెట్టింది. ఎవరో ఒక గ్రీకు మనిషి కడుపు పట్టుకొని, నాకు ఇక్కడ ఇట్లా అంటోంది, బోర్బోర్ అని చెప్పాడు. మా ఓపీలో సాయవ్వ గుడగుడ అంటుంది. పక్కన మరాఠీ ముసలమ్మ "పోటాత్ గురగుర్" అంటుంది. ఆమె వెనక దెగ్లూర్ నాకా నుంచి వచ్చిన మెకానిక్ "పేట్ మే గుడ్‌గుడ్ హోరా సాబ్" అంటాడు. అందరూ ఒకే పని చేస్తున్నారు, విన్నది విన్నట్టు చెప్తున్నారు. ఆ పేరు నేర్చుకున్నవాడు చేయాల్సింది ఒకటే. వంగి వినడం.

నాఫడే సార్ ఇప్పుడు చాలా పెద్దవారయ్యారు. పోయిన వర్షాకాలం ఇంటికి వెళ్ళి మళ్ళీ ఇదే ఎత్తాను. పోహే, అదే అటుకుల ఉప్మా, పెట్టారు. "అరే, ఇంకా అదే పట్టుకొని తిరుగుతున్నావా?" అన్నారు. "ఆ రోజు నేను విన్నాను కదా. ఇంకేం కావాలి నీకు?"

రెండోసారి పోహే వడ్డించేసరికి నాకు జవాబు తోచింది. మీరు విన్నారు సార్, గోడ మీద మాట చదివినవాళ్ళు వినడం లేదు. అది చెప్పేలోపు ఆయన కునుకు తీశారు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

చప్పుడు చేసే కడుపు మాట్లాడుతున్న కడుపు. ఎప్పుడు, దేంతో పాటు మాట్లాడుతోందో చూడండి. నొప్పితో పాటు లేచి నొప్పితో పాటు పోతే కూర్చొని వినండి. అస్సలు చప్పుడు లేని కడుపు ఇంకా చెడ్డది. అప్పుడు మీరు కూర్చోకండి, సర్జన్ కోసం పరుగెత్తండి. స్టెతస్కోపును వెచ్చబరచండి. వింటున్నప్పుడు మాట్లాడకండి, ఫోను జేబులో ఉండనివ్వండి. రోగి ఏ మాట వాడితే ఆ మాటే మళ్ళీ ఆమెతో అనండి. బొడ్డు జరిగిందంటే నవ్వకండి, గుండు తిరుగుతోందంటే ఎటు నుంచి ఎటు తిరుగుతోందో అడగండి.

ఈ వార్డుకు ఇప్పుడు స్నేహల్ పెద్ద డాక్టరు. నా దగ్గర ఇంటర్న్‌గా ఉన్న అమ్మాయి. మంచి చెయ్యి, మంచి బుర్ర. ఫ్లెక్సు సంగతి ఎత్తితే మాత్రం "పాహూ, సర్" అంటుంది. చూద్దాం అని. ఎప్పటి నుంచో చూస్తూనే ఉంది. పోయిన నెల బీపీ కోసం వెళ్ళినప్పుడు ఆమె రౌండ్ వెనకే నిలబడ్డాను. కడుపునొప్పితో ఒక పెద్దాయన ఉన్నాడు. కడుపు ఏమంటోందని పక్కనున్న ఇంటర్న్‌ను అడిగాను. "స్కాన్ రిపోర్టు ఇంకా రాలేదు, సర్," అన్నాడు. అతని తల వెనకే రోమన్ సైనికుడు నవ్వుతున్నాడు.

స్నేహల్, ఇది నువ్వు చదువుతావని నాకు తెలుసు. ఆ సైనికుణ్ణి దించు, లాటిన్ చెరిపి గ్రీకు అని రాయించు. అది రేపు చేసినా నేను ఓర్చుకుంటాను. ఇవాళ ఇంకొకటి కావాలి, దానికి పాహూ అంటే ఒప్పుకోను. ఈ పొద్దున రౌండ్‌లో మీలో ఎవరు, ఎవరి కడుపు మీద చెవి పెట్టారు? ఏం వినిపించింది? సాయంత్రం లోపు నాకు ఫోన్ చేసి చెప్పు.